చెదరని ఎర్ర గీత

గురువారం పగలు పదకొండూ ఇరవైకి వామన్‌రావు ఠాణా మెట్లెక్కాడు. నాంపల్లి స్టేషనుకు ఎదురు సందులో ఉన్న ఆ ఠాణాకు నాలుగే మెట్లు. అయినా నాలుగో మెట్టు మీద ఆగి మోకాలు పట్టుకోవలసి వచ్చింది. ఇరవై రెండేళ్లు పోలీసు కొలువు చేసి, విసిగి, రాజీనామా రాసిచ్చి వచ్చేసిన మనిషి. ఆరేళ్లుగా ఆబిడ్స్‌లో ఓ కళ్లద్దాల దుకాణం పైన గది కిరాయికి తీసుకుని సొంతంగా కేసులు చూసుకుంటున్నాడు. తప్పిపోయిన మనుషులు, దొంగ సంతకాలు, అన్నదమ్ముల తగాదాలు. మనిషి చచ్చిన కేసు చేతికి వచ్చి ఏడాది దాటింది. రాకపోయినా బాగుండేదనే అనుకున్నాడు.

కేసు తెచ్చింది శశికళ. మంగళవారం పొద్దున ఆమె భర్త శ్యామ్‌సుందర్ చనిపోయాడు. అల్వాల్ అవతల మైదానంలో కొందరు కలిగినవాళ్లు కలిసి పెట్టుకున్న ఫ్లయింగ్ క్లబ్బులో అతను విమానం నడపడం నేర్పేవాడు. ఆరోజు ఆరూ యాభైకి ఒంటరిగా పైకి లేచాడు. ఏడూ ఇరవై అయిదుకు దిగుతుండగా ఎడమ చక్రం టైరు పేలింది. విమానం పక్కకు ఒరిగి, రెక్క నేలలో గుచ్చుకుని తలకిందులైంది. దవాఖానకు చేరేసరికి ప్రాణం లేదు. తొమ్మిది గంటలకల్లా క్లబ్బు మెకానిక్ దుర్గయ్యను లాకప్పులో వేశారు.

మైలలో ఉన్న శశికళ ఇల్లు దాటి, బుధవారం సాయంత్రం ఆ ఇరుకు మెట్లెక్కి వామన్‌రావు ఎదుట కూర్చుంది. ఏడవలేదు. ఏడ్చి ఏడ్చి ఆగిపోయిన ముఖం.

"దుర్గయ్య చెయ్యి పెట్టిన చక్రాల మీద మా ఆయన తొమ్మిదేండ్లు దిగిండు," అంది. "ఒక్కనాడు గూడ తూలలేదు. తప్పు ఎవరిదో నాకు తెల్వదు. గాయనది మాత్రం కాదు. రేపు మూడింటికి కోర్టుల నిలబెడ్తరట. జర చూడున్రి."

చూస్తానన్నాడు. తెల్లవారి తొమ్మిదింటికి అల్వాల్ వెళ్లి, క్లబ్బు చౌకీదారుతో మాట్లాడి, ఇంకా అక్కడే పడి ఉన్న విమానం చుట్టూ గంటసేపు తిరిగాడు. అక్కణ్నుంచి నేరుగా ఠాణాకు వచ్చాడు.

దుర్గయ్య లాకప్పులో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నలభై దాటిన మనిషి. గోళ్ల సందుల్లో నల్లటి మరక పట్టేసి ఉంది. వామన్‌రావు కటకటాల ఇవతల స్టూలు వేయించుకున్నాడు.

"శశికళమ్మ పంపింది దుర్గయ్యా. నేను టైములే అడుగుత. మంగళారం పొద్దున చక్రాలు ఎన్నింటికి చూసినవ్?"

"ఆరు దాటి పది నిమిషాలకు సాబ్." అడుగుతూ ఉండగానే వచ్చింది జవాబు.

"ఏమేం చూసినవ్?"

"రోజు చూసేటివే. గాలి కొలిచిన. టైరు చుట్టు చెయ్యి తిప్పి కోతలున్నయా చూసిన. ఎర్ర గీత చూసిన."

"ఎర్ర గీత ఏంది? నాకేం తెల్వదనుకొని చెప్పు."

ఆ మాట వచ్చేసరికి దుర్గయ్య కొంచెం నిటారుగా కూర్చున్నాడు. "టైరును రిమ్ముకు పట్టి ఉంచేది లోపలి గాలే సాబ్. మేకు లేదు, బోల్టు లేదు. గాలిమోటరు దిగేటప్పుడు చక్రం తిరుగకుంట ఊకెనే ఉంటది. నేల తాకంగనే కన్ను మూసి తెరిచేలోపట గిర్రున తిరగాలె. గాలి తక్కువుంటె టైరు తిరుగుతది గని రిమ్ము ఎనుకబడ్తది. రోజు ఇంత ఇంత జరుగుతది. లోపలున్న ట్యూబును గుంజుతది. గట్ల గుంజి గుంజి ఒకనాడు గాలి కొట్టే వాల్వు తెగుతది. గందుకే సగం టైరు మీద, సగం రిమ్ము మీద పడేటట్టు ఎర్ర రంగుతోని అడ్డంగ ఒక గీత గీస్త. గీత రెండు ముక్కలై పక్కకు జరిగిందంటె టైరు జరిగినట్టు. ఇప్పి మల్ల ఎక్కియ్యాలె."

"మంగళారం గీతలు ఎట్లున్నయి?"

"సక్కగున్నయి సాబ్."

"రెండు చక్రాలకా?"

"రెంటికి."

వామన్‌రావు కళ్లద్దాలు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నాడు. అబద్ధం పట్టుకోవడం ఒకప్పుడు అతనికి సరదాగా ఉండేది. ఇప్పుడు ఎదుటివాడి ముఖం చూడబుద్ధి కాదు.

"పొద్దున నేను అల్వాల్ పోయి వచ్చిన. ఎడమ చక్రం ఇప్పుకపోయిన్రు గని కుడి చక్రం గాడనే ఉంది, విమానానికే. టైరు కొత్తగ నిగనిగలాడుతుంది. గీత లేదు. చెరిగిపోవుడు గాదు, అసలు గియ్యనే లేదు."

దుర్గయ్య తన గోళ్ల సందుల్లోకి చూసుకున్నాడు.

"నువ్వు మంగళారం ఆ చక్రాలు చూడలేదు," అన్నాడు వామన్‌రావు. "ఎన్నింటికి పోయినవ్ నిజంగ?"

దుర్గయ్య తల దించుకున్నాడు. "ఏడు గొట్టి నలభై. నేను పోయేసరికే గాలిమోటరు బోర్ల పడి ఉంది. దగ్గరికి గూడ పోనియ్యలె."

తల్లి పోశవ్వకు కంటి చూపు తగ్గింది. ఇక్కడి దవాఖానలో చూపిద్దామని ఊరి నుంచి రమ్మన్నాడు. కాజీపేట దిక్కు నుంచి వచ్చే బండి అయిదూ పదికి నాంపల్లి రావాలి. దించుకుని సరాయిలో కూర్చోబెట్టి, సైకిలెక్కి ఆరుకల్లా మైదానంలో ఉండవచ్చని లెక్క వేసుకున్నాడు. బండి ఆరూ ముప్పై అయిదుకు వచ్చింది. కళ్లు కనపడని ముసలమ్మను ప్లాట్‌ఫారం మీద వదిలి పోలేకపోయాడు.

"మరి ఆరు దాటి పదికి చూసినన్నవేంది?"

"రోజు శ్యామ్ సాబ్ వచ్చి, దుర్గయ్యా ఓకేనా అంటడు సాబ్. ఓకే అంటె ఎక్కుతడు. తను వంగి చూడడు. గంత నమ్మకం. గారోజు నేను లేను, ముందే చూసి పోయిననుకొని ఎక్కి ఉంటడు. ఉంటె దూరంకెల్లి చూసినా పసిగడ్దును. నేను లేకనే సచ్చిపోయిండు. గీ మాట నా నోటితోని ఎట్ల చెప్పాలె?"

"చూసి వదిలేసినన్న మాట కన్న లేనన్న మాట నయం. స్టేషన్ల బండి వచ్చిన టైము రాసి పెడ్తరు. అదొక్కటే నీకు సాక్ష్యం." వామన్‌రావు స్టూలు ముందుకు జరుపుకున్నాడు. "సోమవారం నువ్వు ఇంటికి పోయేటప్పుడు ఏ టైర్లున్నయి?"

"పాతయి. అరిగినయి గని పానమున్నయి. గీతలు గూడ ఉన్నయి. అయిదింటికి నేనే చూసిపోయిన."

"అంటే సోమవారం అయిదు దాటినంక ఎవరో మార్చిన్రు. ఈ నిగనిగలాడే టైర్లు ఎక్కడివి?"

దుర్గయ్య తల ఎత్తాడు. అతని కళ్లలో మొదటిసారి భయం కాకుండా ఇంకేదో కనిపించింది.

"నాలుగున్నయి సాబ్. ఆబిడ్స్ బాలకిషన్ సేఠ్ పంపిండు, పది దినాల కింద. క్లబ్బుల రెండు గాలిమోటర్లకు నాలుగు. మిలిటరీ వేలంల కొన్నడట. కొలత సరిగ్గనే ఉంది. బరువు మోసే పొరలు సరిపోను ఉన్నయి. ఒక్కనాడు గూడ నేల తాకలేదు. గని రబ్బరు సచ్చింది. యుద్ధం మొదట్ల చేసిన టైర్లు, ఎండల ఏ రేకుల షెడ్డుల పడేసిన్రో. తయారైన తారీకు ఉండే జాగల గీకేసి ఉంది. గోరుతోని నొక్కితె గుంట అట్లనే ఉంటది, పైకి రాదు. పక్క భాగం వంచితె సన్న సన్న పగుళ్లు నోళ్లు తెరుస్తయి. అరగలేదు గద అంటడు సేఠ్. టైరు అరుగుట్లనే పాతది కాదు సాబ్, కూసుండి గూడ పాతదైతది. నాలుగిటిని ఎనుకకు పంపిన."

"అవే ఇవి అని చెప్పగలుగుతవా?"

"లోపల నంబర్లు ఏసిన. పసుపు మైనం పెన్సిలుతోని, ఒకటి, రెండు, మూడు, నాలుగు, తెలుగు అంకెలు. ఎనుకకు పంపేటియి మల్ల ఎవరన్న అంటగడ్తరని గట్ల ఏసి పెట్టుకుంట. లోపల గాబట్టి ఎవరికి కనపడది."

వామన్‌రావు లేచాడు. మోకాలు మళ్లీ కలుక్కుమంది.

ఇప్పుడు ఆ ఠాణాకు పెద్ద అయిన అమీన్ ఇంద్రసేన తన గదిలో టిఫిన్ డబ్బా విప్పి, తినకుండా కాగితాలు చూస్తున్నాడు. ఒకప్పుడు ఇదే ఠాణాలో వామన్‌రావు చేతి కింద పనిచేసినవాడు. కళ్ల కింద నల్లగా ఉంది. ఈ ఊళ్లో ఈ ఏడు నిద్ర చాలిన పోలీసు ఒక్కడు కూడా ఉండడేమో.

"అయిపోయిందా ములాఖాత్?" అన్నాడు తల ఎత్తకుండా. "ఏమంటడు మీ దుర్గయ్య?"

"పొద్దున పోలేదట. ఏడూ నలభైకి పోయిండట."

"మంచిదే. నాకు చూసిన్నని చెప్పిండు, మీకు చూడలేదని చెప్పిండు. కోర్టుకు ఇంకోటి చెప్తడు."

"ఎడమ టైరు ఎవరు ఎక్కించిన్రు ఇంద్రసేనా?"

"దుర్గయ్య. టైరుకు గాయిన ఎర్ర గీత ఉంది. మీరు కోర్టుకు పోయినా గదే వింటరు. పగుళ్లు వచ్చిన టైరు ఎక్కించిండు, గీత గీసిండు, పాస్ చేసిండు."

"గీత ఎప్పుడు చూసినవ్?"

"నిన్న సాయంత్రం అయిదింటికి. బాలకిషన్ సేఠ్ దుకాణంల."

"మంగళవారం మైదానంల చూసినప్పుడు లేదా?"

ఇంద్రసేన పెన్సిలు కింద పెట్టాడు. "మంగళారం చక్రం నిండ మట్టి. చూడలె. టైరు సంగతి తెలిసినోడు సేఠే గద, రిపోర్టు రాసియ్యమని నిన్న పొద్దున చక్రం గాయిన దగ్గరికి పంపిన. ఇది ఎవరు ఎక్కించిన్రో ఎట్ల తెలుస్తదని అడిగిన. దుర్గయ్యయితే ఎర్ర గీత గీస్తడు, తుడిపిచ్చి చూపిస్త, సాయంత్రం రమ్మన్నడు. పోయిన. ఉంది."

"టైరు అమ్మినోణ్నే టైరు మంచిదా చెడ్డదా అని అడిగినవ్."

"ఊళ్లె ఇంకెవరున్నరు అడగనీకె?" ఇంద్రసేన గొంతు పెరగలేదు. అలసట మాత్రం కొంచెం గట్టిపడింది. "మీరు కొలువు ఇడిచిపెట్టి పోయిన్రు సాబ్. నచ్చిన కేసు చూస్తరు, నచ్చంది వద్దంటరు. నా టేబుల్ మీద పందొమ్మిది ఫైళ్లున్నయి. దొరికినోడు దొరికిండు, అబద్ధం గూడ ఆడిండు. ఇంకేం కావాలె?"

"కుడి చక్రానికి గీత లేదు."

"ఒకదానికి గీసి ఇంకోదానికి మరిచిండు."

"తొమ్మిదేండ్లు రెంటికి గీసినోడు ఒక్కరోజే మరిచిండా? సరే, నాకు ఆ చక్రం ఒక్కసారి చూపియ్యి. గీత మంచిదైతే నేను ఇంటికి పోత. ఈ కేసు వంక మల్ల చూడ."

ఇంద్రసేన గోడ గడియారం చూశాడు. పన్నెండూ ఇరవై. టిఫిన్ డబ్బా మూత పెట్టేశాడు.

బాలకిషన్ టైర్ల దుకాణం ఆబిడ్స్ పెద్ద రోడ్డు మీద ఉంది. ముందు గదిలో మోటారు టైర్లు కాగితం చుట్టి నిలబెట్టి ఉన్నాయి. వెనక రేకుల షెడ్డు. అక్కడ బాలకిషన్ మనిషి మొగులయ్య పని చేస్తాడు. సన్నటి మనిషి, ముప్పై ఏళ్లుంటాయి. వాళ్లు లోపలికి రాగానే చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. తుడవడం ఎంతకీ ఆపలేదు.

చక్రం బల్ల మీద పడుకోబెట్టి ఉంది. టైరు పక్క భాగం జానెడు పొడవున నోరు తెరిచి, లోపలి దారాలు బయటికి వచ్చాయి. ఆ చీలికకు ఎదురు దిక్కున, టైరు మీద సగం రిమ్ము మీద సగం, ఎర్ర గీత. బొటనవేలంత వెడల్పు. రెండు సగాలూ గీటు పెట్టి కలిపినట్టు ఒకే వరుసలో ఉన్నాయి.

"చూసిన్రు గద," అన్నాడు బాలకిషన్. యాభై ఏళ్ల పెద్దమనిషి. మాట మెత్తన. "శ్యామ్‌సుందర్ నాకు గూడ కావలసినోడే సాబ్. రాత మన చేతుల లేదు."

వామన్‌రావు వంగి చాలాసేపు చూశాడు. తర్వాత ఇంద్రసేన వైపు తిరిగాడు. "ఈ టైరు ఎప్పుడు పేలింది?"

"నేల తాకంగనే."

"పేలినంక చక్రం ఎంత దూరం ఈడ్చుకపోయింది? నేను పొద్దున అడుగులేసి చూసిన. నలభై గజాలు. గాలి లేని టైరు నలభై గజాలు ఈడిస్తే రిమ్ము మీద జరగదా? గాలి జర తక్కువైతేనే జరుగుతదట. ఇక్కడ గాలి మొత్తమే లేదు. గీత వెంట్రుకంత గూడ జరగలేదు."

బాలకిషన్ నవ్వబోయాడు. "ఒక్కోపారి జరగది సాబ్. బిగుసుక పోతది."

"సరే. ఇంద్రసేనా, ఇటు రా. రిమ్ము మీద గీత పక్కన ఏముంది?"

"మట్టి."

"గీత కింద?"

ఇంద్రసేన వంగాడు. రిమ్ము అంచుకు అల్వాల్ ఎర్రమట్టి పెచ్చు కట్టి ఉంది. ఆ పెచ్చు మీదనే రంగు పూసి ఉంది. అతను గోరుతో పెచ్చు లేపాడు. రంగుతో సహా ఊడి వచ్చింది. కింద రిమ్ము శుభ్రంగా, రంగన్నది ఎరుగకుండా ఉంది. రంగు అతని గోటికి జిగురుగా అంటుకుంది. దాన్ని తన లాగుకే రాసుకున్నాడు. ఎర్ర చార పడింది.

వామన్‌రావు ఆ పెచ్చును తీసి బల్ల మీద పెట్టాడు.

"మంగళవారం పడ్డ మట్టి," అన్నాడు వామన్‌రావు నెమ్మదిగా. "దాని మీద గీసిన గీత. ఇంకా ఆరలేదు గూడ. నువ్వు నిన్న పొద్దున గుర్తు ఎట్ల తెలుస్తదని అడిగినవ్. సాయంత్రానికి గుర్తు తయారైంది."

ఇంద్రసేన బాలకిషన్‌ను చూడలేదు. గోటి వంకే చూస్తున్నాడు. "టైరు ఇప్పు," అన్నాడు మొగులయ్యతో.

"పంచనామా లేకుంట ఎట్ల ఇప్పుతరు అమీన్ సాబ్?" అన్నాడు బాలకిషన్. "రేపు కోర్టు అడిగితే..."

"నేనున్న. ఇప్పు."

మొగులయ్య టైరు లీవర్లు తీసుకున్నాడు. లీవరు రెండుసార్లు జారింది. టైరు ఒక అంచు రిమ్ము దాటి రావడానికి ముప్పావుగంట పట్టింది. ట్యూబు టైరు లోపలి గోడకు అతుక్కుపోయి ఉంది. గుంజితే చిరిగింది.

"దుర్గయ్య ఎక్కిస్తే పౌడరు చల్లకుంట ట్యూబు పెట్టడట," అన్నాడు వామన్‌రావు. "క్లబ్బు చౌకీదారు చెప్పిండు. పౌడరు లేకుంటే ట్యూబు గిట్లనే అతుక్కుంటది."

ఇంద్రసేన అగ్గిపుల్ల గీసి టైరు లోపల పట్టాడు. నల్లటి గోడ మీద పసుపు రంగులో ఒక అంకె. ౩.

మూడోది. దుర్గయ్య వద్దని వెనక్కి పంపిన నాలుగింటిలో మూడోది.

వామన్‌రావుకు సంతోషం కలగలేదు. తొమ్మిదేళ్లు పైకి ఎగిరి దిగిన మనిషి, ఎవరో వద్దని గుర్తు పెట్టి పంపిన వస్తువు మీద చచ్చిపోయాడు. అంతే అనిపించింది. అతను మొగులయ్య ఎదుటికి వెళ్లి నిలబడ్డాడు. గద్దించే ఓపిక లేదు. గద్దించవలసిన అవసరమూ లేదు.

"సోమవారం ఎన్నింటికి పోయినవ్ అల్వాల్?"

మొగులయ్య సేఠ్ ముఖం చూశాడు. బాలకిషన్ ముఖం తిప్పుకున్నాడు.

"అయిదున్నరకు," అన్నాడు మొగులయ్య. "దుర్గయ్య పోయినంక పొమ్మన్నడు సేఠ్. టైర్లకు నల్ల పాలిష్ నేనే ఏసిన. దుర్గయ్య చూసి సరేనన్న కొత్త టైర్లని క్లబ్బు సెక్రటరీ సాబ్‌కు చెప్పిన. ఎక్కియ్యమన్నడు. గీత సంగతి నాకు తెల్వదు. నిన్న సేఠ్ గియ్యమంటె గీసిన. సాబ్, మనిషి పోతడని నాకు తెల్వదు."

"నాకు మాత్రం తెలుసా?" అన్నాడు బాలకిషన్. గొంతులోని మెత్తదనం పోయి పీలగా ఉంది. "కొత్త రబ్బరు ఎక్కడ దొరుకుతుంది? యుద్ధం అయిపోయి ఏడాది దాటింది, బొంబాయిల గూడ లేదు. చలికాలం నడుస్తయనుకున్న. నాలుగు నెలలు ఆగితే మంచియి తెప్పిస్తుంటి."

నాలుగు నెలలు అన్న మాట వామన్‌రావు చెవిలో పడలేదు. అతను మొగులయ్య అన్న మాట దగ్గరే ఆగిపోయాడు.

"టైర్లకు పాలిష్ ఏసినన్నవ్. ఎన్నిటికి?"

"నాలుగిటికి."

"మూడోది ఇది. కుడి చక్రానికి ఉన్నది?"

"నాలుగు."

"ఒకటి, రెండు?"

మొగులయ్య గుడ్డ కింద పడేశాడు. "రెండో గాలిమోటరుకు. గదే సాయంత్రం. రెండు చక్రాలకు."

వామన్‌రావు ఇంద్రసేన వైపు తిరిగాడు. "మైదానం బంద్ పెట్టించినవ్ గద?"

ఇంద్రసేన లాగు మీది ఎర్ర చార చూసుకున్నాడు. "మంగళారం బంద్ పెట్టిన. నిన్న సెక్రటరీ వచ్చి అడిగిండు, రెండోది తీసుకోవచ్చునా అని. తప్పు చేసినోడు దొరికిండు గద అని..." ఆగి, ముగించాడు. "సంతకం పెట్టిన."

టెలిఫోన్ ముందు గదిలో, బల్ల మీద ఉంది. లైను దొరకడానికి ఏడు నిమిషాలు పట్టింది. రెండూ పది. ఇంద్రసేనే మాట్లాడాడు. వామన్‌రావు పక్కన నిలబడి అతని మాటలు విన్నాడు. ఎన్నింటికి? ఎవరు నడుపుతున్నరు?  ఫోను పెట్టేశాక ఇంద్రసేన బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"ఒకటిన్నరకు లేచింది," అన్నాడు. "సదాశివ నడుపుతుండు. శ్యామ్‌సుందర్ దగ్గర నేర్చుకున్న పిల్లగాడు. బాసర దాక పోయి, గోదావరి మీద అస్థికలు ఇడిచి వస్తరట. నాలుగింటికి ఎనుకకు."

"ఎవరి అస్థికలు?" అని అడగబోయి వామన్‌రావు ఊరుకున్నాడు. ఈరోజు మూడో దినం.

"శశికళమ్మ గూడ ఉంది అండ్ల. చెప్పినా ఇనలేదట. పైకెల్లి ఇడవాలె, ఆయనకు గదే ఇష్టమన్నదట."

ఆ చిన్న విమానంలో రేడియో లేదు. పైన ఉన్నవాళ్లకు కింది మాట చేరే దారి లేదు. ఇంద్రసేన జవానును పిలిచి బాలకిషన్‌కు కాపలా పెట్టాడు. మొగులయ్యను రెక్క పట్టుకుని జీపులో వేశాడు. ముగ్గురూ నాంపల్లికి వచ్చారు.

ఠాణాలో లాకప్పు తాళం ఇంద్రసేనే తీశాడు. రైటరు పరుగెత్తుకు వచ్చాడు. "సాబ్, మూడింటికి కోర్టు. ముల్జిమ్‌ను ఎక్కడికి తీసుకపోతున్రు?"

"నేను తీసుకపోయిన్నని రాయి. టైము వెయ్యి. కింద నా పేరు వెయ్యి."

దుర్గయ్యను వెనక సీటులో మొగులయ్య పక్కన కూర్చోబెట్టారు. జీపు కదిలేసరికి రెండూ ముప్పై అయిదు. వామన్‌రావు ముందు సీటులోంచి వెనక్కి తిరిగి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. రెండో విమానం అనగానే దుర్గయ్య కళ్లు మూసుకున్నాడు. శశికళమ్మ పేరు విన్నాక తెరిచాడు. 

"పెట్రోలు ఎంతసేపు వస్తది?" అని అడిగాడు వామన్‌రావు.

"మూడు గంటలు. నాలుగున్నర. గంతకు మించి ఒక్క నిమిషం గూడ పైన ఉండలేదు. గని కిందికెల్లి మనం చెయ్యి ఊపినా, దిగి రమ్మంటున్నరనుకుంటడు సాబ్." గొంతు నెమ్మదిగా ఉంది. పనివాడి గొంతు. "దింపే ఉపాయమున్నది. బాగున్న చక్రం ముందు ఆనిచ్చి, చెడ్డ చక్రాన్ని వశమైనంతసేపు పైకి పట్టి ఉంచాలె. వేగం తగ్గినంక ఆనితె పేలినా బోర్ల పడది. నాలుగిట్ల రెండో నంబరు జర నయం. ఒక్కపారికి ఓర్సుకుంటదేమో."

"ఒకటో నంబరు?"

"లోపలి దారాలు కనపడ్తున్నయి దానికి." అతను మొగులయ్య భుజం పట్టుకుని తన వైపు తిప్పుకున్నాడు. కోపంగా కాదు. "యాది చేసుకొని చెప్పు తమ్మీ. ఒకటో నంబరు ఏ దిక్కు ఎక్కిచ్చినవ్?"

"నంబరు నేను చూడలె అన్నా."

"పక్క భాగం వంచితె దారాలు కనపడేటిది. చేతికి తగిలి ఉంటది."

 "ఎడమ దిక్కు. పాలిష్ రెండుపార్లు ఏసిన దానికి, పగుళ్లు కనపడద్దని."

దుర్గయ్య చేయి అతని భుజం మీంచి జారిపోయింది.

"ఏంది?" అన్నాడు ఇంద్రసేన, స్టీరింగు వదలకుండా. "కుడి దిక్కున్నది నయమంటివి గద. కుడిది ముందు ఆనిస్తే సరిపాయె."

"ఎవరు ఎట్ల దింపుతరో టైర్లు చూస్తే తెలుస్తది సాబ్. శ్యామ్ సాబ్ దింపితె రెండు టైర్లు సరిసమానంగ అరుగుతుండె. సదాశివ సాబ్ నేర్సుకునుడు మొదలువెట్టి ఏడు నెలలైంది. గీ ఏడు నెలల ఎడమ టైరు మూడుపార్లు మార్చిన." దుర్గయ్య తల బయటికి పెట్టి ఆకాశం చూశాడు. తెల్లగా, ఖాళీగా ఉంది. "గాయన దిగితె ముందుగాల ఎడమ చక్రమే నేల తాకుతది. ఒక్కనాడు గూడ తప్పలె."